తడిపి కొయ్

ఓడ దిగిన వంటమాస్టరు నీలకంఠం
గోనెసంచిలో చుట్టి తెచ్చాడు.
జపాను కొండ కడుపులోంచి తీసిన సానరాయట,
నాలుగు కేజీలు. ఒకవైపు తుప్పురంగు చెక్కు,
మిగతాదంతా పనసతొన పసుపు.
"నాలుగు ముక్కలు చెయ్యాల. పగలకూడదు."
గాజువాక ఆటోనగర్లో ఈ మాట అందరూ అంటారు,
గచ్చుబండ తెచ్చినవాడు కూడా.

వేలి కణుపుతో తట్టాను.
గ్రానైటైతే ఖంగుమంటుంది. ఇది,
తలుపు అవతల ఎవరో గొంతు సవరించుకున్నట్టు
ముక్తసరిగా పలికింది.
నీళ్ళు చల్లితే తాగేసింది.
అంతా ఆరాక, ఆరని వెంట్రుకంత చోట
బీట బయటపడింది.
దాన్ని ఒక ముక్కకి వదిలేసి గీత గీశాను.

మోటారు మీద చెయ్యి వేసేసరికి
మా తవుడు మావ గుర్తొచ్చాడు.

ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
వీణ్ణి పురిట్లోనే చేటెడు తవుడుకి అమ్మి
మళ్ళీ కొనుక్కుంది వాళ్ళమ్మ.
పొట్టూ పొడీ ఎవరిక్కావాలి,
చావు కూడా చూసీచూడనట్టు పోతుందని.
ఆ లెక్క యాభై రెండేళ్ళు పనిచేసింది.

ముప్పై ఏళ్ళు పొడిగానే కోశాడు.
నీళ్ళు పెడితే గీత కనబడదనేవాడు,
ట్యాంకరు డబ్బులు ఎవడిస్తాడనేవాడు,
మూతికి తువ్వాలు చుట్టేవాడు.
తువ్వాలంటే పెద్దకన్నుల వల.
వంజరాలు ఆగుతాయి,
నెత్తళ్ళు దర్జాగా దాటిపోతాయి.

పాత ఊళ్ళో ఆరేసిన పంచెల మీద
ఓడరేవు బొగ్గు నల్లగా వాలుతుంది,
వేలితో రాసి చూసుకుని తిట్టుకోవచ్చు.
ఇది తిట్టడానికైనా కనబడదు.
రేకు కన్నంలోంచి దిగిన ఎండలో
గిర్రున తిరిగేది కాదు, అది నేలకి చేరుతుంది.
ఆ తర్వాత, హమ్మయ్య తేరుకుంది అనుకుని
తువ్వాలు విప్పి బీడీ ముట్టిస్తామే,
అప్పుడు గాల్లో మిగిలేది.

ఛాతీ ఆసుపత్రిలో డాక్టరమ్మ
ఫిలిం కిటికీకి పెట్టి చూపించింది.
రాత్రి సముద్రం మీద
వేటకెళ్ళిన పడవల దీపాల్లా ఉంది.
మావ చాలాసేపు చూసి
"సానా కోసేన్రా" అన్నాడు.

ఆ ఎండాకాలం డాబా మెట్లు నాలుగెక్కి
ఐదోదాని మీద కూలబడిపోయేవాడు.
ఎవరైనా వస్తే సముద్రం చూస్తున్నట్టు నటించేవాడు.
మా మెట్ల మీంచి సముద్రం కనబడదు.

కుళాయి తిప్పి,
రంపం అంచు మునిగేదాకా ఆగాను.
మాస్కు మొహానికి అతుక్కోవాలని
పొద్దున్నే గడ్డం గీసుకొచ్చాను.
కొత్తకుర్రాడు జోగినాయుణ్ణి గుమ్మం అవతలే నిలబెట్టాను.
"ఒక్క రాయికి ఇంత తతంగమేటన్నా?"
మాస్కులోంచి జవాబు చెప్పడం కుదరదు.

మొదట బియ్యం కడుగు, తర్వాత కుడితి,
ఆఖరికి పళ్ళెం నిండా పసుపు ముద్ద.
దీన్ని ఆరనివ్వకూడదు, ఆరితే లేస్తుంది.
తడిగుడ్డతో తుడిచి సంచిలో మూట కట్టాలి.
చీపురు ముట్టుకున్నవాడికి ఆ రోజు కూలి లేదు.
చొక్కా ఇక్కడే విప్పి ఇక్కడే పిండుకుంటాను.
ఇంటికెళ్ళగానే మూడేళ్ళ పిల్ల
నా భుజానికేసి మొహం రుద్దుతుంది.

మూడు ముక్కలు నీలకంఠం పట్టుకెళ్ళాడు.
బీటది కూలిలోకి జమకట్టి నాకొదిలేశాడు.

హార్బర్లో చేపలు కోసే నూకరత్నం అత్తకిచ్చాను.
చెంబులో నీళ్ళు చిలకరించి,
కత్తి వాలుగా పెట్టి నాలుగు లాగులు లాగింది.
రాయి మీద పసుపు పేస్టు తేలింది.
బొటనవేలితో అద్ది, రెండు వేళ్ళ మధ్య నలిపి,
"ఇదేనేటి మీ మావ లోపలికెళ్ళింది?"

ఇలాంటిదే అన్నాను.

వేళ్ళు చెంబులో కడుక్కుని
కత్తి రెండోవైపు తిప్పింది.